పిల్లల ఎదుగుదలలో తేడా అనిపిస్తే: మొదటి అనుమానం నుంచి రోజువారీ సాయం దాకా

మా బాబుకి రెండేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. ఏదైనా కావాలంటే నా చేయి పట్టుకుని అక్కడికి లాక్కెళ్లేవాడు, నా చేతినే ఆ వస్తువు మీద పెట్టేవాడు. నా ముఖం వంక మాత్రం చూసేవాడు కాదు. "వాళ్ల నాన్నకీ మూడో ఏటే మాటలొచ్చాయి, మగపిల్లలకి ఆలస్యమేలే" అన్నారు మా అత్తగారు. "ఇంకో ఆర్నెల్లు చూద్దాం" అన్నారు డాక్టరు. నాకూ ఆ మాటే నమ్మాలనిపించింది. ఆర్నెల్లు కాస్తా ఏడాది దాటింది. మూడేళ్ల నాలుగు నెలలప్పుడు ఆటిజం అని తేలింది.

ఆ ఏడాదిలో ఏమేం చేసి ఉండొచ్చో తర్వాత ఒక్కొక్కటిగా తెలుసుకున్నాను. ఇప్పుడు అదే సందేహంతో రాత్రిళ్లు నిద్రపట్టని అమ్మానాన్నలకి అవి ముందే అందాలని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. పరీక్షించి ఫలానా అని చెప్పాల్సింది నిపుణులే. కానీ వాళ్ల దగ్గరకి ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి, ఏం అడగాలి, ఇంటికొచ్చాక ఏం చేయాలి అన్నవి మన చేతిలో ఉన్నవే.

మొదటి మెట్టు: ఈ పేర్ల వెనక ఏముందో తెలుసుకోండి

మెదడు రూపుదిద్దుకునే క్రమంలోనే మొదలయ్యే తేడాలని నాడీ వికాస రుగ్మతలు అంటారు. చాలావాటి మూలాలు బిడ్డ కడుపులో ఉండగానే పడతాయి. బయటపడేది మాత్రం ఆ పని చేయాల్సిన వయసు వచ్చినప్పుడే. మాటలు రావాల్సిన వయసులో మాటల ఇబ్బంది, చదవాల్సిన వయసులో చదువు ఇబ్బంది తెలుస్తాయి. అందుకే "నిన్నటిదాకా బాగానే ఉన్నాడు కదా" అనిపిస్తుంది.

డాక్టర్లు ఎక్కువగా రెండు పుస్తకాలని అనుసరిస్తారు. ఒకటి అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5. రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-11, ఇది 2022 నుంచి అమల్లో ఉంది. పదాల్లో తేడాలున్నా రెండూ దాదాపు ఒకే గుంపుని చూపిస్తాయి.

ఆటిజంలో రెండు వైపులూ కనిపించాలి. ఎదుటివాళ్లతో చూపు, సైగ, మాట, ఆట పంచుకోవడంలో తేడా ఒకటి. చేసిందే చేయడం, ఒకే విషయం మీద గాఢమైన ఇష్టం, మార్పు తట్టుకోలేకపోవడం, చప్పుళ్లకీ స్పర్శకీ అతిగానో తక్కువగానో స్పందించడం రెండోది. ఏడీహెచ్‌డీ అంటే వయసుకి తగినట్టు దృష్టి నిలపలేకపోవడం, కుదురు లేకపోవడం, ఆగి ఆలోచించలేకపోవడం. ఇందులో కుదురుగా కూర్చునే పిల్లలూ ఉంటారు. వాళ్లది పైకి కనిపించని పరధ్యానం. మేధో వైకల్యం అని చెప్పాలంటే తెలివి పరీక్షలో తక్కువ మార్కులు రావడం ఒక్కటే చాలదు. తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు లెక్క తెలియడం లాంటి రోజువారీ పనుల్లోనూ వెనకబాటు ఉండాలి. ఐదేళ్ల లోపు పిల్లల్లో తెలివిని నమ్మకంగా కొలవలేం కాబట్టి అప్పటికి 'గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే' అని రాస్తారు. అంటే అనేక రంగాల్లో ఎదుగుదల ఆలస్యమని.

వీటితో పాటు భాష ఆలస్యం, ఉచ్చారణ ఇబ్బంది, నత్తి ఉన్నాయి. చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే నిర్దిష్టమైన ఇబ్బందులున్నాయి. చదవడంలో వచ్చేదాన్నే డిస్లెక్సియా అంటున్నాం. చేతులూ కాళ్లూ చెప్పినట్టు వినని కదలికల సమన్వయ లోపం, తెలియకుండానే కళ్లు ఆర్పడం, గొంతు సవరించడం లాంటి టిక్స్ కూడా ఈ గుంపులోవే.

ఒక సంగతి మొదట్లోనే మనసులో పెట్టుకోండి. ఇవి గోడలు కట్టిన గదులు కావు. ఒకటి ఉన్న బిడ్డకి ఇంకొకటి ఉండటం మామూలే. 2013కి ముందు వచ్చిన డీఎస్ఎం ప్రకారం ఒకే బిడ్డకి ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ రాయడానికి లేదు. ఇప్పుడు రాయొచ్చు. ఒక పేరు వచ్చాక వెతకడం ఆపేస్తే రెండోది ఏళ్ల తరబడి దాగిపోతుంది.

రెండో మెట్టు: చూడండి, చూసింది రాయండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. డబ్బు అక్కర్లేదు, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు.

ముందు వయసుకి తగ్గ మైలురాళ్లు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో ఈ జాబితాని సవరించింది. నూటికి 75 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పిల్లలు ఏ వయసుకి ఆ పని చేయగలరో ఆ వయసునే అందులో పెట్టింది. కాబట్టి ఆ వయసుకి రాలేదంటే కంగారుపడనక్కర్లేదు కానీ అడగడానికి అది తగిన కారణమే.

2 నెలలు: మీరు నవ్వినా మాట్లాడినా తిరిగి నవ్వడం.
9 నెలలు: పేరు పెట్టి పిలిస్తే మీ వైపు చూడటం.
12 నెలలు: టాటా చెప్పడం, అమ్మనో నాన్ననో ఒక ప్రత్యేకమైన మాటతో పిలవడం.
15 నెలలు: కావలసినదాన్ని వేలితో చూపి అడగడం.
18 నెలలు: నచ్చినదాన్ని మీకు వేలితో చూపించడం, పట్టుకోకుండా నడవడం.
24 నెలలు: రెండు మాటలు కలిపి అనడం.
30 నెలలు: దాదాపు 50 మాటలు.

వీటిలో వేలితో చూపించడం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నేను పొరబడింది అక్కడే. పిల్లలు రెండు రకాలుగా వేలు చూపిస్తారు. "అది ఇవ్వు" అన్నది ఒకటి. "అదిగో చూడు!" అన్నది ఇంకొకటి. ఆకాశంలో విమానాన్ని వేలితో చూపించి, నువ్వు చూశావా లేదా అని తిరిగి నీ ముఖంలోకి చూస్తుంది బిడ్డ. ఆ విమానం వాళ్లకి అక్కర్లేదు, చూసిన సంబరాన్ని నీతో పంచుకోవాలి, అంతే. ఈ రెండోది రాకపోవడం ఆటిజాన్ని తొందరగా గుర్తించడానికి పనికొచ్చే గట్టి సూచనల్లో ఒకటి. మాట రాలేదని అందరం లెక్కపెడతాం. ఈ చూపు రాలేదని ఎవరం లెక్కపెట్టం.

ఇక రాయడం. "అసలు మాట వినడు" అని రాస్తే అది మన తీర్పు. దాంతో డాక్టరు చేయగలిగేది ఏమీ లేదు. ఇలా రాయండి: "మంగళవారం సాయంత్రం. బొమ్మ కార్ల చక్రాలు తిప్పుతున్నాడు. వెనక నుంచి మూడుసార్లు పిలిచాను, తిరగలేదు. పక్క గదిలో ప్యాకెట్ చింపిన చప్పుడుకి వెంటనే పరుగెత్తాడు." ఇందులో బోలెడు సమాచారం ఉంది. చెవి కొంతైనా వినిపిస్తోందని, పేరుకి స్పందన లేదని, ఆట ఎలాంటిదో కూడా ఉంది. ఏడుపూ మొండితనమూ రాసేటప్పుడు దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు సాగింది, దేనితో ఆగింది అన్న మూడూ రాయండి. ఫోన్‌లో ఒకటి రెండు నిమిషాల వీడియోలు తీసి పెట్టుకోండి. ఆసుపత్రి గదిలో పిల్లలు ఇంట్లోలా ఉండరు.

బిడ్డకి ఏం వచ్చో, ఏది ఇష్టమో కూడా అదే నోట్‌బుక్‌లో రాయండి. థెరపీ మొదలుపెట్టేది అక్కడి నుంచే.

బడి ఈడు పిల్లల్లో గుర్తులు వేరు. నోటితో కథ చక్కగా చెప్పే పిల్ల పుస్తకం తెరవగానే తడబడుతుంది. ఒత్తులూ దీర్ఘాలూ వదిలేస్తుంది, మ-య, ప-వ లాంటి అక్షరాలు తోటివాళ్లకి కుదిరిపోయాక కూడా కలగాపులగం చేస్తుంది, నిన్న చదివిన పదాన్నే ఇవాళ కొత్తగా చూస్తుంది. బొత్తాలు పెట్టుకోలేడు, బంతి పట్టలేడు, రాస్తే చేయి నొప్పంటాడు ఇంకొకడు. వీళ్లకి మనం ఇచ్చే బిరుదులు 'బద్ధకం', 'నిర్లక్ష్యం'. ఆడపిల్లల్లో ఇవి మరీ ఆలస్యంగా బయటపడతాయి. తోటివాళ్లని చూసి అనుకరిస్తూ బడిలో అంతా కప్పుకుంటారు, ఇంటికొచ్చాక అలసిపోయి బద్దలవుతారు.

వేచి చూడకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వచ్చిన మాటలో, సైగలో, నడకో పోతే ఏ వయసులోనైనా వెంటనే డాక్టరు దగ్గరకి వెళ్లండి. పసిపాప చేతులతో ఆడుకోవడం మానేసి వాటినే నులుముకుంటూ ఉంటే అది రెట్ సిండ్రోమ్ కావొచ్చు. ఎక్కువగా ఆడపిల్లల్లో కనిపించే జన్యు సమస్య అది. మూర్ఛలు వచ్చినా, ఏడాది నిండకుండానే ఒక చేతినే వాడుతూ రెండోదాన్ని వదిలేసినా ఆగొద్దు.

మూడో మెట్టు: చెవి, కన్ను, నిద్ర ముందు పరీక్షించండి

మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకీ వినికిడి పరీక్ష చేయించాలి. "పాటలు వింటాడండీ" అని వదిలేయొద్దు. కర్ణభేరి వెనక నీరు చేరిన పిల్లలకి కొన్ని చప్పుళ్లు వినిపిస్తాయి, మాటలోని మెత్తని హల్లులు జారిపోతాయి. ఓఏఈ, బెరా అనే పరీక్షలకి బిడ్డ సమాధానం చెప్పాల్సిన పని లేదు. నిద్రపోతున్నప్పుడే చేసేస్తారు.

క్లాసులో శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే పిల్లలందరిదీ ఏడీహెచ్‌డీ కాదు. ఆబ్సెన్స్ మూర్ఛలో బిడ్డ కొన్ని సెకన్లపాటు ఆగిపోతుంది, భుజం తట్టినా తెలియదు, మళ్లీ ఏమీ జరగనట్టు కొనసాగిస్తుంది. రోజుకి పదుల సార్లు రావొచ్చు. మెదడులోని విద్యుత్ సంకేతాలని నమోదు చేసే ఈఈజీ పరీక్షతో తెలుస్తుంది, మందు ఉంది. రాత్రిళ్లు గురకపెట్టి నోటితో ఊపిరి తీసుకునే పిల్లలకి నిద్ర సరిగా పట్టక పగలు కుదురు ఉండదు. చూపు లోపం, ఐరన్ లోపం, థైరాయిడ్, సీసం విషప్రభావం కూడా చూసుకోవలసినవే. అలాగని వీటిలో ఒకటి దొరికితే రెండోది లేదని కాదు. చెవిలో నీరూ ఆటిజమూ ఒకే బిడ్డకి ఉండొచ్చు.

నాలుగో మెట్టు: స్క్రీనింగ్ వేరు, నిర్ధారణ వేరు

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 9, 18, 30 నెలల వయసులో ప్రతి బిడ్డకీ ఎదుగుదల స్క్రీనింగ్, 18, 24 నెలల్లో ఆటిజం స్క్రీనింగ్ చేయమంటుంది. అనుమానం ఉన్నవాళ్లకే కాదు, అందరికీ. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల పత్రం ఉంది, తల్లిదండ్రులే నింపొచ్చు. స్కోరు 0 నుంచి 2 వస్తే ముప్పు తక్కువ. 3 నుంచి 7 వస్తే నిపుణులు కొన్ని అదనపు ప్రశ్నలు అడిగి తేల్చుకోవాలి. 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే నేరుగా పూర్తి పరీక్షకి వెళ్లాలి. ఎక్కువ స్కోరు వచ్చిందని ఆటిజం ఖాయం కాదు, తక్కువ వచ్చిందని మీ అనుమానాన్ని మూటగట్టేయనూ అక్కర్లేదు.

నిర్ధారణకి డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్, పిల్లల నరాల డాక్టరు, పిల్లల సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు వీళ్లలో ఒకరు ముందుంటారు. మాటకి సాయం చేసే స్పీచ్ థెరపిస్టు, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు తోడవుతారు. ఆటిజాన్ని పట్టిచ్చే రక్త పరీక్ష లేదు, స్కానింగ్ లేదు. బిడ్డ పుట్టు పూర్వోత్తరాలన్నీ అడిగి, ఆడించి, గమనించి చెప్పాల్సిందే. ఏడీహెచ్‌డీకి కూడా అంతే. తొమ్మిదేసి లక్షణాలున్న రెండు జాబితాల్లో ఏదో ఒకదానిలోనైనా కనీసం ఆరు, ఆరు నెలలుగా, ఇల్లూ బడీ లాంటి రెండు చోట్ల కనిపించాలి, కొన్నైనా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. అందుకే టీచర్ నింపే పత్రం లేకుండా ఏడీహెచ్‌డీ అని తేల్చేస్తే నేనైతే ఒప్పుకోను.

పది నిమిషాల్లో పేరు పెట్టేసినవాళ్లనీ, పది నిమిషాల్లో "ఏమీ లేదు పొండి" అన్నవాళ్లనీ సమానంగా అనుమానించాలని నా అనుభవం నేర్పింది. మరొకరిని అడగడం మర్యాద తప్పడం కాదు.

ఎంఆర్ఐ అందరికీ అక్కర్లేదు. తల చుట్టుకొలత తేడాగా ఉన్నా, నరాల లక్షణాలు కనిపించినా అడుగుతారు. ఆటిజం, మేధో వైకల్యం, గ్లోబల్ డిలే తేలినప్పుడు క్రోమోజోముల్లో తగ్గిన, ఎక్కువైన ముక్కల్ని వెతికే మైక్రోఅర్రే, ఫ్రజైల్ ఎక్స్ అనే జన్యు పరీక్షల గురించి మీరే అడగండి. ఫ్రజైల్ ఎక్స్ వంశపారంపర్యంగా వచ్చే మేధో వైకల్యానికి ప్రధాన కారణాల్లో ఒకటి. తెలిస్తే తర్వాతి బిడ్డ గురించీ, అక్కచెల్లెళ్ల పిల్లల గురించీ ముందే ఆలోచించుకోవచ్చు.

పెద్ద పరీక్షకి నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తే ఆ నెలల్ని పోనివ్వకండి. బిడ్డకి మాట రాలేదంటే మాటకి సాయం మొదలుపెట్టడానికి పేరు తేలాల్సిన పని లేదు. మూడేళ్ల లోపు మెదడు ఎంత వేగంగా అల్లుకుంటుందో తెలిసినవాళ్లెవరూ ఈ విషయంలో వేచి ఉండమని చెప్పరు.

ఐదో మెట్టు: "నా వల్లేనా?" అన్న ప్రశ్నని తేల్చుకోండి

రిపోర్టు చేతికొచ్చిన రాత్రి ప్రతి తల్లీ తన గర్భం నెలలన్నీ నెమరేసుకుంటుంది. నేనూ చేశాను. ఈ ప్రశ్నని దాటకుండా ముందుకి పోలేం.

లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి ఒక రూపం ఇచ్చాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకి పైగా, ప్రేమ చూపించని 'చల్లటి తల్లుల' వల్లే ఇది వస్తుందన్న సిద్ధాంతం నడిచింది. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలు ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండింటిలోనూ జన్యువుల పాత్రే పెద్దదని చూపించాయి. చాలామందిలో ఒకే జన్యువు కారణం కాదు, చిన్న చిన్న తేడాలు వందలు కలిసి పనిచేస్తాయి. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టేటప్పుడు మెదడుకి ప్రాణవాయువు అందకపోవడం, గర్భంలో మద్యం ప్రభావం, అయోడిన్ లోపం, పుట్టుకతో థైరాయిడ్ తక్కువగా ఉండటం కూడా మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తాయి. మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్ మందు గర్భంలో బిడ్డకి హాని చేయగలదు. అది వాడుతున్నవాళ్లు గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి తప్ప సొంతంగా ఆపేయకూడదు.

టీకాల మాట. 1998లో పన్నెండు మంది పిల్లల మీద వచ్చిన ఒక పత్రం తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాని ఆటిజంతో ముడిపెట్టింది. దాన్ని అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, రాసిన ముఖ్య రచయిత డాక్టరుగా పనిచేసే అర్హత కోల్పోయాడు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకి పైగా పిల్లల్ని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో టీకాకీ ఆటిజానికీ ఏ సంబంధమూ కనిపించలేదు. తట్టు ప్రాణాలు తీసే జబ్బు. మీ రెండో బిడ్డకి టీకాలు మానకండి.

ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం వల్ల ఈ సమస్యలు రావు. మీకు మనసుకి దగ్గరైన భాషలోనే మాట్లాడండి. ఇక ఫోన్, టీవీ ఆటిజాన్ని పుట్టిస్తాయని చెప్పలేం కానీ, మనిషితో మాట్లాడే గంటల్ని మింగేస్తాయి. రెండేళ్లలోపు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య గంటకి మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఆరో మెట్టు: థెరపీని కళ్లు తెరిచి ఎంచుకోండి

మంచి థెరపిస్టుని గుర్తుపట్టడానికి నేను మూడు సంగతులు చూస్తాను. లక్ష్యం చిన్నదిగా, కొలవగలిగేట్టు చెబుతున్నారా? "మాట మెరుగుపడాలి" అన్నది లక్ష్యం కాదు. "ఈ మూడు నెలల్లో కావలసినవి ఐదు సైగతోనో బొమ్మతోనో మాటతోనో అడగాలి" అన్నది లక్ష్యం. నన్ను గదిలో కూర్చోనిచ్చి నేర్పుతున్నారా? వారానికి రెండు మూడు గంటలు వాళ్ల దగ్గర, మిగతా వారమంతా నా దగ్గర ఉండే బిడ్డకి నాకు నేర్పకపోతే ఎలా? బిడ్డ అక్కడికి ఏడవకుండా వెళుతున్నాడా? మొదటి కొన్ని రోజులు వేరు, నెల దాటాక కూడా గుమ్మం దగ్గర వణికిపోతుంటే ఏదో సరిగా లేదు.

మాటలు రాని పిల్లలకి బొమ్మల కార్డులో, మాట్లాడే యాప్ ఉన్న ట్యాబో ఇస్తే ఇక నోరు తెరవరని భయపడతారు. అధ్యయనాల్లో అలా తేలలేదు. చెప్పాలనుకున్నది ఏదో ఒక దారిలో చెప్పగలిగితే గొడవలు తగ్గుతాయి, కొందరికి మాట కూడా తోడవుతుంది. మావాడు మొదట అడిగింది నీళ్ల గ్లాసు బొమ్మ ఉన్న కార్డుతో.

డిస్లెక్సియాకి పనికొచ్చేది శబ్దానికీ అక్షరానికీ ఉన్న ముడిని క్రమంగా, పదేపదే, నేరుగా నేర్పే బోధన. రంగు కళ్లద్దాలూ కంటి వ్యాయామాలూ దాన్ని నయం చేయవు. కదలికల సమన్వయ లోపానికి బిడ్డకి నిజంగా అవసరమైన పనినే, సైకిలో బొత్తాలో, ముక్కలు చేసి సాధన చేయించాలి. టిక్స్ ఉన్నవాళ్లని "ఆపు" అని గద్దించకండి, ఒత్తిడి పెరిగితే టిక్స్ పెరుగుతాయి. చాలామంది పిల్లల్లో వయసుతో తగ్గిపోతాయి, ఇబ్బంది పెట్టేవాటికి ప్రత్యేకమైన శిక్షణ ఉంది.

"పూర్తిగా నయం చేస్తాం" అనే మాట విన్నచోట నుంచి లేచి వచ్చేయండి. శరీరంలోంచి లోహాలు తీస్తామనే కీలేషన్ వల్ల 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు చనిపోయాడు. బ్లీచ్ లాంటి ద్రావణాలు తాగించేవాళ్లున్నారు, ఆటిజానికి రుజువు లేని మూలకణాల ఇంజెక్షన్లు అమ్మేవాళ్లున్నారు. పెద్దవాళ్లు బిడ్డ చేతిని పట్టుకుని టైప్ చేయించి "ఇది బిడ్డ మాటే" అనే పద్ధతి కూడా పరీక్షల్లో నిలబడలేదు. ఆశ పెట్టుకున్న తల్లిదండ్రులని దోచుకోవడం చాలా తేలిక. అందుకే ఇది ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏడో మెట్టు: ఇల్లే మొదటి బడి

రోజుకి రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు నేల మీద కూర్చోండి. ఏ ఆట ఆడాలో బిడ్డనే ఎంచుకోనివ్వండి. చక్రాలు తిప్పితే మీరూ పక్కన ఇంకో చక్రం తిప్పండి. "ఇదేంటి? ఇది ఏ రంగు?" అని పరీక్ష పెట్టకండి. "తిరుగుతోంది… తిరుగుతోంది… ఆగింది!" అని వాళ్లు చూస్తున్నదాన్నే చిన్న మాటల్లో చెప్పండి. తర్వాత ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఈ ఆగడమే అన్నిటికన్నా కష్టం. మనం ఖాళీని నింపేస్తాం, బిడ్డ వంతు పోతుంది. బుడగలు ఊదుతూ సగంలో ఆపితే, మళ్లీ ఊదమని మావాడు మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. అప్పటికి మూడేళ్ల ఎనిమిది నెలలు. ఆ తేదీ నోట్‌బుక్‌లో ఉంది.

రోజు ఎలా సాగుతుందో బొమ్మల వరుసగా గోడ మీద పెట్టండి: లేవడం, స్నానం, తిండి, బడి, ఆట. "ముందు చెప్పులు, తర్వాత పార్కు" లాంటి పొట్టి వాక్యాలు పెద్ద వివరణల కన్నా బాగా పనిచేస్తాయి. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డకి ఒకసారి ఒకే పని చెప్పండి. అది కూడా దగ్గరకి వెళ్లి, కళ్లు కలిశాక. మెచ్చుకోవాల్సింది ఉంటే సాయంత్రం దాకా దాచకండి, ఆ నిమిషంలోనే, ఏం బాగా చేశాడో పేరు పెట్టి చెప్పండి.

మొండి ఏడుపుకీ తట్టుకోలేక బద్దలవడానికీ తేడా తెలుసుకోవాలి. మొదటిదానిలో బిడ్డ మనల్ని ఓరకంట చూస్తుంటుంది, కావలసింది దొరికితే ఆగుతుంది. రెండోదానిలో కావలసింది ఇచ్చినా ఆగదు, ఎందుకంటే చప్పుడో జనమో అలసటో ఆ చిన్ని ఒంటికి మించిపోయాయి. అప్పుడు పాఠాలు చెప్పకండి. వెలుతురు తగ్గించండి, జనాన్ని పంపించండి, తక్కువ మాట్లాడండి, దెబ్బ తగలకుండా చూసుకోండి. చేతులు ఆడించడం, ఊగడం లాంటివి ఎవరికీ దెబ్బ తగలనంతవరకూ ఆపాల్సిన పని లేదు. అవి వాళ్లు కుదుటపడే దారి.

భద్రత గురించి సూటిగా చెబుతాను. ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా వెళ్లిపోవడం ఎక్కువ, నీళ్లంటే ఇష్టం ఎక్కువ. మునిగి చనిపోవడం వాళ్లకి పెద్ద ముప్పు. తలుపులకి ఎత్తులో గడియ పెట్టించండి, వీలైనంత చిన్నప్పుడే ఈత నేర్పించండి. బిడ్డ కనిపించకపోతే ముందు నీళ్లున్న చోటే వెతకండి.

ఎనిమిదో మెట్టు: మందుల మాట

ఆటిజం మూల లక్షణాలకి మందు లేదు. విపరీతమైన చిరాకు, తనని తాను గాయపరచుకోవడం, నిద్రలేమి లాంటివాటికి డాక్టరు మందులు ఇవ్వొచ్చు. ఏడీహెచ్‌డీ సంగతి వేరు. ఆరేళ్ల లోపు పిల్లలకి ముందు తల్లిదండ్రులకి ఇచ్చే శిక్షణే మేలు. ఆరేళ్లు దాటినవాళ్లలో ఇబ్బంది ఎక్కువగా ఉంటే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు చాలామందికి బాగా పనిచేస్తుంది. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యమవడం సాధారణంగా కనిపించే దుష్ప్రభావాలు. ఎత్తు, బరువు, బీపీ, నాడి క్రమం తప్పకుండా చూడాలి. కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బో హఠాన్మరణమో ఉంటే మొదలుపెట్టకముందే చెప్పాలి. మందు వేస్తే బిడ్డని మత్తులో పెట్టినట్టే అనుకునేవాళ్లకి ఒక మాట: సరైన మోతాదులో బిడ్డ బిడ్డలాగే ఉండాలి. మొద్దుబారినట్టు ఉంటే మోతాదు ఎక్కువైందేమోనని డాక్టరుకి చెప్పండి.

తొమ్మిదో మెట్టు: బడిని మీ వైపు తిప్పుకోండి

రిపోర్టు మొత్తం టీచర్ చేతిలో పెడితే ఎవరూ చదవరు. ఒక్క పేజీ రాసివ్వండి: బిడ్డకి ఏం ఇష్టం, ఏది కష్టం, కష్టమైనప్పుడు ఎలా కనిపిస్తాడు, అప్పుడు ఏం చేస్తే సాయపడుతుంది. తర్వాత చిన్నవి అడగండి. ముందు వరుసలో కిటికీకి దూరంగా చోటు, పరీక్షలో అదనపు సమయం, బోర్డు మీదిది ఎత్తి రాయకుండా ఫోటో తీసుకునే వీలు, మధ్యలో లేచి తిరగడానికి ఏదైనా పని, డిస్లెక్సియా ఉన్నవాళ్లకి నోటితో చెప్పే అవకాశం. అందరి ముందూ పైకి చదివించొద్దని గట్టిగా అడగండి, ఆ ఒక్క అవమానం చదువు మీద ఏళ్లపాటు నీడ వేస్తుంది. మొదటి ఏడాది మావాడి క్లాసులో అదే జరిగింది. నాకు తెలిసేసరికి వాడు బడి సంచీ చూస్తేనే వాంతి చేసుకునే స్థితికి వచ్చాడు.

ఎగతాళి, కొట్టడం జరుగుతున్నాయా అని పిల్లల్ని సూటిగా అడిగితే చెప్పలేకపోవచ్చు. "ఇవాళ భోజనాలప్పుడు నీ పక్కన ఎవరు కూర్చున్నారు?" అని అడగండి.

పదో మెట్టు: బిడ్డకి చెప్పండి

దాచితే బిడ్డ తనకి తానే ఒక పేరు పెట్టుకుంటుంది, సాధారణంగా అది 'నేను తెలివితక్కువదాన్ని' అని ఉంటుంది. మావాడికి ఏడేళ్లప్పుడు ఇలా చెప్పాను: "నీ మెదడు చప్పుళ్లని పెద్దగా వింటుంది, రైళ్ల సంగతులు బాగా గుర్తుపెట్టుకుంటుంది, మనుషుల ముఖాల్లో ఏముందో చదవడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. దీనికి ఆటిజం అని పేరు." "డాక్టరు తీసేస్తారా?" అని అడిగాడు. తీసేయరని, తీసేయాల్సిన అవసరమూ లేదని, కష్టమైనవాటికి సాయం మాత్రం ఎప్పుడూ ఉంటుందని చెప్పాను. కాసేపు ఆలోచించి వాడి రైలు దగ్గరకి వెళ్లిపోయాడు.

తోబుట్టువులకి కూడా ఇదే మాటల్లో చెప్పండి, వారానికి ఒక గంటైనా వాళ్లకే కేటాయించండి. మీరు అలసిపోతారు. భార్యాభర్తల్లో ఒకరే అన్నీ మోస్తుంటే అది ఎక్కువ రోజులు సాగదు. టెన్షన్ హద్దు దాటి నిద్ర, ఆకలి పోతే మీ కోసం కూడా డాక్టరుని కలవండి.

బడిలో చేరేటప్పుడు, పెద్ద తరగతులకి మారేటప్పుడు, యుక్తవయసులో పరీక్షలు మళ్లీ చేయించండి. అవసరాలు మారతాయి, మధ్యలో దిగులూ ఆందోళనా కొత్తగా వచ్చి చేరతాయి. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టుకోండి, నోట్‌బుక్‌లు కూడా.

మాది ఇప్పుడు ఏడో నోట్‌బుక్. ఈమధ్య కొన్ని పేజీలు వాడే రాస్తున్నాడు: ఏ గదిలో ఫ్యాన్ చప్పుడు పడదో, ఏ టీచర్ చెబితే అర్థమవుతుందో, ఎవరి పక్కన కూర్చుంటే బాగుంటుందో.